బాకీకీ కౌంట్‌డౌన్ ఉన్నది



శ్రీహరికోటలో రాకెట్టు లేచే ముందు గడియారం వెనుకకు నడుస్తుంది. ఆ పక్కనే సూళ్ళూరుపేటలో నా పూర్వవిద్యార్థి ఒకడు చెక్కపెట్టెలు చేసి ఒక సంస్థకు పంపి, బిల్లు సొమ్ముకై ఎనిమిది నెలలుగా తిరుగుతున్నాడు. "గట్టిగా అడిగితే మళ్ళీ పని ఇయ్యరేమో అయ్యవారూ" అన్నాడు.

ఈ సంకోచమే బాకీదారుకు బలం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, సరుకు అంగీకరించిన నాటి నుండి, ఒప్పందం వ్రాసుకొన్నా గడువు 45 రోజులు మించరాదు. వ్రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజులే. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. అప్పటికీ ఇవ్వకుంటే, ఉద్యమ్ నమోదు గల చిన్న ఉత్పత్తిదారుడు ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. ఆ కౌన్సిల్ ఇచ్చిన తీర్పును కోర్టులో సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ కట్టవలసిందే.

సొమ్మివ్వని సంస్థ మళ్ళీ పనిచ్చినా అది మరొక బాకీయే కదా! యాచన వేరు, రావలసినది అడగడం వేరు. వానికి జాబు నేనే వ్రాసిపెట్టాను. "దయచేసి" అన్న మాట ఒక్కసారే వాడాను. తేదీలు మాత్రం ఒక్కటీ విడువలేదు.

మీరేమంటారు?