ఆ వానాకాలం చెడుగుడు

మన ఇళ్ళలో ఆటలంటే ప్రాణం పెట్టే పిల్లలను ఒక ప్రశ్న అడిగి చూడండి. "కబడ్డీలో నీ జట్టు ఏది నాయనా? తెలుగు టైటాన్సా, యు ముంబానా?" జవాబు వచ్చేలోగా పక్కనున్న పెద్దవారి ముఖం కూడా ఒకసారి చూడండి. పిల్లవాడు "ముంబా" అన్నాడంటే ఆ ముఖంలో చిన్న నీడ కదులుతుంది. భాష చేజారిపోతోందన్న బెంగ అది. ఆ బెంగ ఎంతవరకు సబబు అన్నదే ఈసారి మన ముచ్చట. అందుకు 2014 నాటి వానాకాలానికి వెళ్ళాలి.

ఆ ఏడాది జూలై 26న ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. ఆనంద్ మహీంద్రా, చారు శర్మ కలిసి పెట్టిన మశాల్ స్పోర్ట్స్ సంస్థ దాన్ని తలకెత్తుకుంది. స్టార్ స్పోర్ట్స్ టీవీలో చూపించింది. మొత్తం ఎనిమిది జట్లు. జైపూర్, పాట్నా, ఢిల్లీ, బెంగుళూరు, పుణె, ముంబయి, బెంగాల్ అంటూ ఏడు జట్లకు ఊరి పేరో ప్రాంతం పేరో ఉంది. ఎనిమిదో జట్టుకు మాత్రం భాష పేరు ఉంది. అదే తెలుగు టైటాన్స్.

తేదీలు కలిపి చూస్తే ఈ పేరు విలువ తెలుస్తుంది. జూన్ 2న రాష్ట్రం రెండయింది. సరిగ్గా 54 రోజులకు లీగ్ మొదలైంది. ఇంటింటా, ఆఫీసుల్లో, రైలు పెట్టెల్లో ఆ పంపకాల మాటే నడుస్తున్న రోజులవి. ఏ ఒక్క రాష్ట్రం పేరు పెట్టినా రెండోవారు బయట ఉండిపోయేవారు. భాష పేరు పెట్టేసరికి ఇద్దరూ లోపలికి వచ్చారు. వారితోపాటు ఏ రాష్ట్రానికీ చెందక ఇక్కడ వర్లీలో, ప్రభాదేవిలో, కామాఠీపుర గల్లీల్లో ఉన్న మనమూ వచ్చాం. మన గుమ్మం ముందు ఎవరూ బోర్డు కట్టలేదు గానీ ఆ పేరులో మనకూ పీట వేసి ఉంది.

మనకు ఈ ఆట కొత్త కాదు. నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి బొంబాయిని కట్టడానికి వచ్చిన కామాఠీ కూలీల పేరు మీదే కామాఠీపుర వెలిసింది. ఆ తరువాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు బట్టల మిల్లులకు వచ్చి వర్లీ, లోయర్ పరేల్ చాళ్ళలో కాపురం పెట్టారు. వారు మూటల్లో తెచ్చుకున్నవాటిలో చెడుగుడు ఒకటి. ఇక్కడి మరాఠీ కుర్రాళ్ళు అదే ఆటను హుతూతూ అనేవారు. మనవాళ్ళు 'కూత' అంటే వాళ్ళు 'చఢాయి' అన్నారు. మనం 'పట్టు' అంటే వాళ్ళు 'పకడ్' అన్నారు. చాళ్ళ మధ్య ఖాళీ జాగాలో సున్నంతో గీత గీస్తే చాలు, రెండు భాషలూ ఒకే మట్టిలో దొర్లేవి. బంతి అక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు, పాదరక్షలు కూడా అక్కర్లేదు. కాణీ ఖర్చు లేని ఆట గనుకనే అది కూలివాడి ఆట అయింది.

పెద్దల గుర్తింపు కూడా దానికి మెల్లగానే దక్కింది. 1923లో బరోడాలోని హింద్ విజయ్ జింఖానా దీనికి నియమావళి అచ్చువేసింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ వేళ అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు అక్కడ ఆడి చూపించారు. (ఇది విదర్భలోని అమరావతి, మన కృష్ణా తీరపు అమరావతి కాదు.) 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో చేరింది, మనకు బంగారం తెచ్చింది. అయినా ఆటగాడికి అన్నం పెట్టింది ఆట కాదు, ఆట వల్ల వచ్చిన ఉద్యోగం. రైల్వేలోనో, పోలీసు శాఖలోనో, బ్యాంకులోనో, చమురు కంపెనీలోనో స్పోర్ట్స్ కోటాలో కొలువు దొరికితే పండగే. దొరకనివాడు మోకాలికి పసుపు పట్టు వేసుకుని వేరే పని వెతుక్కునేవాడు.

2014లో మారింది ఈ లెక్కే. లెక్కలతో పొట్టపోసుకునేవాణ్ణి గనుక నా కళ్ళు ముందు అక్కడికే పోయాయి. మే నెలలో జరిగిన వేలంలో ఒక్కో జట్టు ఆటగాళ్ళందరి మీద కలిపి ఖర్చు పెట్టగలిగింది 60 లక్షలు. ఎనిమిది జట్లకు కలిపితే 4 కోట్ల 80 లక్షలు. అదే ఏడాది క్రికెట్ వేలంలో యువరాజ్ సింగ్ ఒక్కడికే 14 కోట్లు పలికింది. అంటే కబడ్డీ లీగ్ మొత్తం కలిసి ఒక క్రికెటర్‌లో మూడో వంతు! నవ్వుకోవచ్చు గానీ అదే వేలంలో తెలుగు టైటాన్స్ హర్యానాకు చెందిన దీపక్ నివాస్ హుడాను 12 లక్షల 60 వేలకు తీసుకుంది. చిన్ననాడే తల్లిని, ఆ తరువాత తండ్రిని పోగొట్టుకుని, బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఆట నిలబెట్టుకున్న కుర్రాడతను. అయిదు వారాల ఆటకు అంత సొమ్ము చేతికి వచ్చిందంటే, ఆటే ఉద్యోగమైందన్నమాట. తరువాతి కాలంలో అతను భారత జట్టుకు నాయకుడయ్యాడు, 2020లో అర్జున అవార్డు అందుకున్నాడు.

మొదటి ఆట మన వాకిట్లోనే జరిగింది. వర్లీలోని ఎన్.ఎస్.సి.ఐ. ఇండోర్ స్టేడియం బీడీడీ చాళ్ళ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఆ రాత్రి యు ముంబా 45-31తో జైపూర్ పింక్ పాంథర్స్‌ను ఓడించింది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది. దీపాలు వచ్చాయి. కూతకు వెళ్ళినవాడు 30 సెకన్లలో తిరిగి రావాలన్న గడియారం వచ్చింది. టీవీవారి లెక్కలో ఆ సీజన్‌ను 43 కోట్ల 50 లక్షల మంది చూశారు. ఐపీఎల్ తరువాతి స్థానం అదే. కూలివాడి ఆటను దేశమంతా కుర్చీల్లో కూర్చుని చూసింది.

అప్పుడే మన ఇళ్ళలో చీలిక మొదలైంది. వర్లీ చాళ్ళలో ఒక ఇంట జరిగిన సంవాదం నా చెవిన పడింది. తాత మిల్లు కార్మికుడు, 1982 సమ్మెలో పని పోయినవాడు. మనవడు ఏడో తరగతి.

"ఏందిరా, మన తెలుగోళ్ళు ఆడుతుంటే నువ్వు ముంబాకు చప్పట్లు గొడుతున్నవ్?"

"తాతా, వాళ్ళు వైజాగ్‌ల ఉంటరు. ముంబా మన వర్లీల ఆడుతది."

"ముంబా కెప్టెన్ అనూప్ కుమార్ హర్యానావోడు గాదురా?"

"మరి మీ రాహుల్ చౌదరి యూపీవోడు గాదా తాతా?"

తాత ఒక్క క్షణం ఆగాడు. "పేరైతే మనదే గదరా" అన్నాడు.

"ఊరైతే నాదే గద తాతా" అన్నాడు మనవడు.

ఇంతకంటె సూటిగా ఈ విషయాన్ని ఏ వక్తా చెప్పలేడు. ఇద్దరి మాటా నిజమే. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. ఆ సీజన్‌లో 150కి పైగా రెయిడ్ పాయింట్లు తెచ్చి టైటాన్స్‌ను మోసినవాడు అతనే. విశాఖపట్నంలో మనవాళ్ళు అతన్ని సొంత బిడ్డలా నెత్తిన పెట్టుకున్నారు. అటు ముంబాలో అనూప్ కుమార్ హర్యానావాడే అయినా ముంబయిలో పెరిగిన రిశాంక్ దేవాడిగ వంటి కుర్రాళ్ళూ ఉన్నారు. ఆ దేవాడిగ ఇంటిపేరు చూడండి, తుళునాడుది. మనలాగే ఎక్కడినుంచో వచ్చినవారి పిల్లవాడే ఇక్కడి జట్టుకు ఇక్కడివాడయ్యాడు.

టైటాన్స్ ఆ తొలి సీజన్‌లో అయిదో స్థానంలో ఆగింది. సెమీఫైనల్‌కు వెళ్ళేవి నాలుగు జట్లు. అంటే గడప దాకా వచ్చి లోపలికి పోలేకపోయింది. ఆగస్టు 31న మళ్ళీ వర్లీలోనే ఫైనల్ జరిగింది. ఈసారి జైపూర్ 35-24తో ముంబాను ఓడించి మొదటిరోజు బాకీ తీర్చుకుంది. ఆ రాత్రి తాతా మనవలిద్దరి జట్లకూ కప్పు రాలేదు.

అసలు ఉత్కంఠ మరుసటి ఏడాది వచ్చింది. 2015లో టైటాన్స్ సెమీఫైనల్ చేరింది. ఆ ఆటా ముంబయిలోనే. ఒకవైపు ముంబా పాట్నాను ఓడించి ఫైనల్‌లో కూర్చుంది. టైటాన్స్ గెలిస్తే వర్లీలో, మన చాళ్ళ పక్కన, తెలుగు జట్టుకూ ముంబయి జట్టుకూ ఫైనల్! బెంగుళూరు బుల్స్ 39, టైటాన్స్ 38. ఒక్క పాయింటు. ఒక చేతివేలు గీతను తాకినా తాకకపోయినా వచ్చే తేడా అది. ముంబా ఫైనల్‌లో బుల్స్‌ను 36-30తో ఓడించి కప్పు ఎత్తింది. ఆ ఒక్క పాయింటు ఇటు వచ్చి ఉంటే ఎన్ని ఇళ్ళలో తాతలూ మనవలూ ఎదురెదురుగా కూర్చునేవారో!

తరువాతి కథ చూస్తే ఈ 'మనది, వాళ్ళది' ఎంత జారుడు నేలో తెలుస్తుంది. ఆరు సీజన్లు టైటాన్స్‌కు ముఖమై ఉన్న రాహుల్ చౌదరి 2019లో తమిళ్ తలైవాస్‌కు వెళ్ళాడు. అదే ఏడాది, ముంబా తరఫున పేరు తెచ్చుకున్న కొల్హాపూర్ కుర్రాడు సిద్ధార్థ్ దేశాయ్ కోటీ 45 లక్షలకు టైటాన్స్‌లో చేరాడు. అంతవరకు ముంబాకు చప్పట్లు కొట్టిన పిల్లలు ఒక్కసారిగా తెలుగు జట్టు ఆటలు చూడసాగారు! 2023లో పవన్ సెహ్రావత్‌కు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. తొలి వేలంలో ఎనిమిది జట్లకు కలిపి ఉన్న సొమ్ములో సగానికి మించిన మొత్తం అది. ఫలితమా? ఆ సీజన్‌లో 22 ఆటల్లో 2 గెలుపులు, చివరి స్థానం. డబ్బుంటే ఆటగాడు వస్తాడు, జట్టు మాత్రం అంత తేలికగా రాదు. 2025 సీజన్ ముగిసేదాకా టైటాన్స్ కప్పు గెలవలేదు. అయినా విశాఖలోనూ హైదరాబాదులోనూ ఆడినా పేరు మార్చుకోవలసిన అవసరం దానికి కలగలేదు. రెండు రాష్ట్రాల్లోనూ అది సొంత ఇంటి జట్టే.

అందుచేత పెద్దలకు నా మనవి. మా బ్యాంకు భాషలో ఉమ్మడి ఖాతా అని ఒకటుంటుంది. ఇద్దరి పేర్లూ ఉంటాయి, ఇద్దరిలో ఎవరైనా లావాదేవీ జరపవచ్చు, ఒకరు జమ చేస్తే రెండోవారికి నష్టం రాదు. మన పిల్లల మనసు అటువంటి ఖాతా. ముంబాకు చప్పట్లు కొట్టిన పిల్లవాడు తెలుగు ఖాతాలోంచి సొమ్ము తీసుకున్నట్టు కాదు. వాడు పుట్టిన ఊరు ఇది. తాత రక్తం చిందించిన మిల్లుల ఊరూ ఇదే. భాష పోయేది స్టేడియంలో కాదు, భోజనాల దగ్గర. తాత తెలుగులో అడిగినదానికి మనవడు తెలుగులోనే ఎదురు చెప్పాడు చూశారా, నాకు ఆ వాదనలో కనిపించిన గెలుపు అది.

బెంగ పడవలసింది ఉంటే మరొకటి ఉంది. వర్లీ బీడీడీ చాళ్ళు కూలి ఆకాశహర్మ్యాలు లేస్తున్నాయి. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ళ తాళాలు అందాయి. 160 చదరపు అడుగుల గది స్థానంలో 500 చదరపు అడుగుల ఇల్లు. తరాల కష్టానికి దక్కిన ఫలం, సంతోషించవలసిందే. కానీ చాళ్ళ నడుమ సున్నం గీత గీసుకున్న ఆ జాగా ఏ అంతస్తులో ఉంటుంది? టీవీలో కూత విని పెరిగే పిల్లవాడికి సొంత ఊపిరి బిగబట్టి గీత దాటి వెళ్ళి, నలుగురు కాళ్ళు పట్టుకుంటే ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చే అనుభవం ఎవరిస్తారు?

మన సంఘం ఏటా పండగకు పిల్లలకు పాటల పోటీలు, ముగ్గుల పోటీలు పెడుతోంది. వచ్చే సంక్రాంతికి ఒక పూట చెడుగుడు కూడా పెడదాం. నాలుగు పరుపులు అద్దెకు తెస్తే సరిపోతుంది. ఆడపిల్లలకూ ఒక జట్టు ఉండాలి. ఒక జట్టుకు టైటాన్స్ అని, మరోదానికి ముంబా అని పేరు పెడదాం. ఎవరు ఎటు ఆడాలో చీటీలు వేసి తేలుద్దాం. తాతలు గీత దగ్గర కుర్చీ వేసుకుని తీర్పు చెబుతారు. కూత మాత్రం తెలుగులోనే పెట్టాలి, అదొక్కటే షరతు.