గ్రీన్‌కార్డు ఉందా? హైదరాబాద్‌లో ఎన్నాళ్లు ఉండొచ్చు?

అమ్మానాన్నల కోసమో, హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికిందనో అమెరికా నుంచి వచ్చేశారా? ‘ఆర్నెల్లకోసారి వెళ్లొస్తే గ్రీన్‌కార్డుకు ఢోకా లేదు’ అని స్నేహితులు చెప్పే ఉంటారు. పూర్తిగా నమ్మొద్దు. మీ శాశ్వత నివాసం ఇంకా అమెరికాయేనా అని అధికారులు చూస్తారు. అక్కడి ఇల్లు, పన్ను రిటర్నులు, బ్యాంకు ఖాతా మీకు ఆధారాలు.

ఒకే విడతలో 6 నెలలు దాటితే పౌరసత్వానికి లెక్కించే నివాస కాలానికి గండి పడొచ్చు. ఏడాది దాటితే తిరిగి ప్రవేశానికి కార్డు ఒక్కటే సరిపోదు.

ఎక్కువ కాలం ఉండాల్సి వస్తే ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకోండి. సాధారణంగా 2 ఏళ్ల వరకు చెల్లుతుంది. ఐ-131 దరఖాస్తు పెట్టేటప్పుడు మీరు అమెరికాలోనే ఉండాలి. ఇక్కడికొచ్చాక నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు వెళ్లినా లాభం లేదు.

గడువు దాటిపోతే మిగిలేది ఎస్‌బీ-1 వీసా. మీ చేతిలో లేని కారణంతోనే ఆగిపోయారని రుజువు చేయాలి.

కార్డు వదులుకుంటున్నట్లు ఐ-407పై సంతకం పెట్టమని అమెరికా విమానాశ్రయంలో అడిగితే తొందరపడకండి. ఇమిగ్రేషన్ జడ్జి ముందు మీ వాదన వినిపించుకునే హక్కు ఉంది.