దూరవాణి సంస్థ ధర్మాధర్మాలు : ఎయిర్‌టెల్ - ఒక పరిశీలన

పసుపు కొనవచ్చిన వ్యాపారి బస్తా మీది చీటీని చదివి ధర చెప్పడు. బస్తాలో చేయి లోతుగా పెట్టి, అడుగున ఉన్న కొమ్మును బయటకు తీసి, విరిచి, లోపలి రంగు చూచి, తడి ఎంత మిగిలి ఉన్నదో వేళ్ళతో పరీక్షించి, ఆ తరువాతనే నోరు విప్పుతాడు. ఆర్మూరు ప్రాంతపు రైతుబిడ్డలకు ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. అయితే ఆ రైతే, ఆ వ్యాపారే, వారి పిల్లలే నెలనెలా సొమ్ము చెల్లించి కొంటున్న మరొక సరుకు విషయంలో ఈ జాగ్రత్తను పూర్తిగా విడిచిపెట్టినారు. ఆ సరుకు సెల్ ఫోను సేవ. సిగ్నలు అందుతున్నదా, ధర పక్కవాడి కంటె తక్కువగా ఉన్నదా అనే రెండు ప్రశ్నలతో మన పరీక్ష ముగిసిపోతున్నది. అడుగున ఉన్న కొమ్మును తీసి చూచేవారు లేరు.

ఆ పనికి భారతీ ఎయిర్‌టెల్ సంస్థను తీసుకొనుచున్నాను. తక్కిన సంస్థలు నిర్దోషులని నా భావం కాదు. 1995లో ఢిల్లీలో సెల్ ఫోను సేవను ప్రారంభించి, 1999లో జె.టి. మొబైల్స్‌ను చేజిక్కించుకొని మన రాష్ట్రంలో అడుగుపెట్టిన ఈ సంస్థ నేడు దేశంలోని రెండు పెద్ద ప్రైవేటు దూరవాణి సంస్థలలో ఒకటి. దాని మంచి, చెడు కూడా ప్రభుత్వ ఉత్తర్వులలో, నియంత్రణ సంస్థల పత్రాలలో నమోదై ఉన్నవి గనుక ఊహాగానాలతో పని లేదు.

ముందుగా ఇవ్వవలసిన మార్కులు ఇచ్చివేద్దాము. మన జిల్లాలో గల్ఫుకు మనిషిని పంపని వాడ అరుదు. దుబాయి నుండి ఉత్తరం కోసం వారాల తరబడి ఎదురుచూచిన ఇల్లాళ్ళు, గొంతు రికార్డు చేసి పంపిన క్యాసెట్టును అరిగిపోయేదాకా విన్న తల్లులు ఇంకా మన మధ్యనే ఉన్నారు. ఆ ఎడబాటును చెరిపివేసిన సాధనాన్ని, దానిని పల్లెదాకా తెచ్చిన సంస్థలను కాదనడం కృతఘ్నత. వలసపోయిన వాని కుటుంబానికి సెల్ ఫోను విలాసవస్తువు కాదు. కాబట్టే దానిని అమ్మేవాని నడవడిని ఇంత గట్టిగా అడుగవలసి వస్తున్నది.

ఇక అసలు విషయం. 2017 మార్చిలో కేంద్ర టెలికాం శాఖ, ప్రతి సెల్ ఫోను సంఖ్యను ఆధార్‌తో సరిచూడవలెనని ఆదేశించింది. కోట్లాది జనం దుకాణాల ముందు నిలబడి వేలిముద్రలు వేసినారు. ఆ సంవత్సరం జనవరిలోనే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకు దేశవ్యాప్తంగా ప్రారంభమై ఉన్నది. సిమ్ కార్డు కోసం వేసిన వేలిముద్రతోనే, ఖాతాదారునికి తెలియకుండా, అతని పేర ఈ బ్యాంకులో ఖాతాలు తెరువబడినవి. ఇది చిన్న చిలిపితనం వలె కనబడవచ్చును. కాని వంటగ్యాసు రాయితీని జమచేసే విధానంలో ఒక మెలిక ఉన్నది. ఆధార్ సంఖ్యకు చివరిగా ఏ ఖాతా ముడిపడితే సొమ్ము ఆ ఖాతాకే పోతుంది. ఆ విధంగా గ్రామీణ బ్యాంకులోనో, పోస్టాఫీసు పక్కనున్న స్టేటు బ్యాంకులోనో పడవలసిన రాయితీ సొమ్ము, ఇంటి ఇల్లాలు ఎన్నడూ పేరు వినని ఖాతాలోకి మళ్ళిపోయినది. అట్లు మళ్ళిన మొత్తం 190 కోట్ల రూపాయలకు పైబడి ఉన్నదని, 31 లక్షలకు పైగా వినియోగదారులు ఇందులో చిక్కుకొన్నారని లెక్క తేలినది.

ఆ 31 లక్షల మందిలో సగటున ఒక్కొక్కరికి పడిన దెబ్బ ఆరు వందల రూపాయల చిల్లర. ఈ సంఖ్యను చూచి పట్టణవాసులు పెదవి విరువవచ్చును. బీడీలు చుట్టి, గంపతో ఆకు, తంబాకు మోసుకొనిపోయి, వెయ్యికి ఇంత అని కూలి తెచ్చుకొనే మన అక్కచెల్లెళ్ళను అడిగి చూడండి, ఆరు వందలంటే ఎన్ని వేల బీడీలో వారు వేళ్ళ మీద లెక్కచెప్పగలరు. సొమ్ము ఎక్కడికి పోయిందో తెలియక బ్యాంకు చుట్టూ, గ్యాసు ఏజెన్సీ చుట్టూ తిరిగితే పోయే కూలి ఆ లెక్కలో చేరదు.

ఉర్దూలో ‘అమానత్’ అనే చక్కని మాట ఉన్నది. నమ్మి అప్పగించిన వస్తువు అమానత్. దానిని పుచ్చుకొన్నవాడు కావలివాడే గాని యజమాని కాడు. (ఈ సంచిక ఉర్దూ విభాగంలోని మిత్రులు దీనిని నాకంటె బాగా వివరించగలరు, తెలుగులో దీనికి సరిజోడు మాట నాకు ఇంతవరకు దొరకలేదు.) వేలిముద్ర అమానత్. ఒక పనికి ఇచ్చినదానిని మరొక పనికి వాడుకొనడం సాంకేతిక పొరపాటు అనిపించుకొనదు. ఎవరో ఒకరు కూర్చొని ఆ విధంగా ఏర్పాటు చేయనిదే అది లక్షల సార్లు జరుగదు.

2017 డిసెంబరులో ఆధార్ ప్రాధికార సంస్థ ఎయిర్‌టెల్‌కు, దాని బ్యాంకుకు ఆధార్ ద్వారా సరిచూచే అధికారాన్ని నిలిపివేసి, రెండున్నర కోట్ల జరిమానా విధించినది. బ్యాంకు ముఖ్యాధికారి రాజీనామా చేసినాడు. మళ్ళిన సొమ్మును తిరిగి ఇచ్చుటకు సంస్థ అంగీకరించినది. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు మరొక 5 కోట్ల జరిమానా వేసినది. రెండూ కలిపితే ఏడున్నర కోట్లు. 31 లక్షల మందికి పంచి చూస్తే తలకు పాతిక రూపాయలైనా రాదు. పసుపులో రంగు కలిపినవానికి ఈ పాటి శిక్ష వేస్తే మన అంగడిలో ఎవరైనా దానిని శిక్ష అంటారా? అదే సంవత్సరం సెప్టెంబరు 26న సుప్రీం కోర్టు ఆధార్ తీర్పులో ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను వాడుకొనే వెసులుబాటును కొట్టివేయడం కొంత ఊరట.

ధరల సంగతి మరొకటి. 2016 సెప్టెంబరులో జియో రాకతో ధరలు నేలకు దిగినవి, చిన్న సంస్థలు మూతపడినవి, మిగిలినవారు తరువాత తీరికగా ధరలు పెంచుకొన్నారు. ఫోను మ్రోగితే ఎత్తుటకు మాత్రమే సెల్లు పెట్టుకొన్న ముసలివారిని చూడండి. లోగడ వారు ఒకసారి పది రూపాయలు వేయించుకొంటే నెలల తరబడి గడిచేది. 2018 చివరలో ఎయిర్‌టెల్ 28 రోజులకు 35 రూపాయల కనీస రీచార్జిని ప్రవేశపెట్టినది. అది చేయించుకొనకపోతే వచ్చే కాలు కూడా ఆగిపోతుంది. ఆ 35 మెట్టుమెట్టుగా ఎక్కి 2024 జూలై నాటికి 199 అయినది. ఇందులో ఎంతైనా మాట్లాడుకొనే వీలు కలదని సంస్థ చెప్పవచ్చును, అది నిజమే. మాట్లాడవలసిన అవసరం లేనివానికి ఆ వీలు ఎందుకు? పైగా నెలకు 28 రోజులట! ఈ లెక్కలో సంవత్సరానికి పన్నెండు నెలలు కావు, పదమూడు. మన పంచాంగంలో అధికమాసం మూడేండ్లకొకసారి వస్తే, వీరి పంచాంగంలో ఏటేటా వస్తున్నది. 2022 జనవరిలో నియంత్రణ సంస్థ ట్రాయ్ ముప్పది రోజుల పథకం ఒకటైనా ఉంచవలెనని ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చినది. 2024 డిసెంబరులో, ఇంటర్నెట్ అక్కరలేని వారికి మాటలకు మాత్రమే వేరుగా పథకం పెట్టవలెనని మరొక ఉత్తర్వు వెలువడినది. దాని మీదట ఎయిర్‌టెల్ 84 రోజులకు 469 రూపాయల పథకం పెట్టినది. 28 రోజులకు చూస్తే సుమారు 156. ఉత్తర్వు రాకముందు ఈ మేలు ఎవరికీ తోచలేదు.

2015లో ఈ సంస్థ ‘ఎయిర్‌టెల్ జీరో’ పేరుతో, తనకు సొమ్ము చెల్లించిన కంపెనీల సేవలను వినియోగదారునికి ఉచితంగా చూపే పథకాన్ని ప్రకటించినది. చెల్లించలేనివాని దుకాణం దారి మూసుకొనిపోతుందన్న మాట. దేశమంతటి నుండి పది లక్షలకు మించి లేఖలు ట్రాయ్‌కు పోయినవి. వాటిలో ఎక్కువ భాగం విద్యార్థుల వయస్సువారివే అయి ఉంటాయని నా నమ్మకం. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఇటువంటి భేదభావపు ధరలను నిషేధించినది.

పర్యావరణం వైపు వస్తే, సెల్ ఫోను గాలిలో నడిచే వస్తువు అనే భ్రమ మనలో చాలామందికి కలదు. అది డీజిలుతో నడిచినది. 2011లో ట్రాయ్ ప్రచురించిన పత్రం ప్రకారం దేశంలోని టవర్లు సంవత్సరానికి సుమారు 200 కోట్ల లీటర్ల డీజిలు తాగుచుండెను. కరెంటు లేని వేళల్లో టవరు అడుగున ఉన్న జనరేటరు రొదను మన పల్లెలవారు ఎరుగుదురు. మరొక మాట గమనించండి. ఆ రోజులలో డీజిలు ధరను ప్రభుత్వం అదుపులో ఉంచి, నష్టాన్ని తాను భరించేది. రైతు పంపుసెట్టు కొరకు, సరుకు లారీ కొరకు ఉద్దేశించిన ఆ రాయితీ, పసుపు ఉడికించే కళాయిల దాకా రాకుండా కోట్ల లాభాలు గడించే సంస్థల జనరేటర్లలో కాలిపోయినది. డీజిలు ధర పూర్తిగా అంగడికి వదలినది 2014 అక్టోబరులో. గ్రీన్‌పీస్ ఇండియా ఎయిర్‌టెల్‌ను వేలెత్తి చూపి, డీజిలు మానవలెనని, ఉద్గారాల లెక్క బయటపెట్టవలెనని ఉద్యమించినది 2011లోనే.

2012 జనవరిలో టెలికాం శాఖ ఆదేశం వచ్చినది: 2015 నాటికి పల్లె టవర్లలో సగం, పట్టణపు టవర్లలో అయిదవ వంతు, సౌరశక్తి వంటి మిశ్రమ శక్తితో నడువవలెను, 2020 నాటికి అవి 75 శాతం, 33 శాతం కావలెను. ఈ ఆదేశంలో నాకు నచ్చిన గుణం ఒక్కటే, అది పల్లెవాడు కూడా లెక్కపెట్టగలది. మీ ఊరి టవరు మీద సౌరఫలకం ఉన్నదా లేదా? తల ఎత్తి చూస్తే చాలును. 2017లో ట్రాయ్ ఈ టవర్ల లెక్కను వదలి ఉద్గారాల శాతాన్ని తగ్గించే లెక్కను సిఫారసు చేసినది. శాస్త్రరీత్యా అది మెరుగైనదే కావచ్చును. కాని తల ఎత్తి చూచే పని మన చేతిలో నుండి జారి, నివేదికలు వ్రాసేవారి చేతికి పోయినది.

2020-21ని ఆధారంగా పెట్టుకొని 2030-31 నాటికి తన కార్యకలాపాల ఉద్గారాలను 50.2 శాతం, తన సరఫరాదారులు మొదలైనవారి ద్వారా కలిగే వాటిని 42 శాతం తగ్గించగలనని ఎయిర్‌టెల్ ప్రకటించినది. మెచ్చుకొనదగిన మాట. అయితే డీజిలు ఎవరి ఖాతాలో వ్రాయవలె ననే చిక్కు ఇక్కడ ఉన్నది. 2007 నుండి ఇండస్ టవర్స్ అనే ఉమ్మడి సంస్థ టవర్లను నడుపుతూ వచ్చినది. ఒకే స్తంభాన్ని పలువురు వాడుకొనడం వలన ఇనుము, స్థలం, ఇంధనం ఆదా అయిన మాట వాస్తవం. టవరు మాది కాదు అనే సమాధానానికి వీలు దొరికిన మాట కూడా వాస్తవమే. 2024 చివరలో ఇండస్ ఎయిర్‌టెల్‌కు అనుబంధ సంస్థ అయినది గనుక ఆ చాటు ఇక లేదు. ఇక కరెంటు బాగుపడి డీజిలు తగ్గినా, తెలంగాణలో ఆ కరెంటులో హెచ్చుభాగం బొగ్గుదే. పొగ ఊరి నుండి తప్పుకొని రామగుండానికో, మరొక చోటికో పోయినదే గాని ఆరిపోలేదు.

రేడియేషను గురించి రెండు మాటలు. ఈ భయమే మన ఊళ్ళలో ఎక్కువగా వినబడుతుంది, నాకు తక్కువగా పట్టేదీ ఇదే. 2011లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ తరంగాలను ‘క్యాన్సరు కలిగించే అవకాశం ఉండవచ్చును’ అనే తరగతిలో చేర్చినది, నిరూపితమైనదనలేదు. 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశం అంతర్జాతీయ పరిమితిలో పదవ వంతును మాత్రమే అనుమతించుచున్నది. పిచ్చుకల మాయమునకు టవర్లే కారణమని నమ్మేవారు, పెంకుటిండ్ల చూరులు పోయి స్లాబులు వచ్చినవని, పొలాల్లో మందుల వాడకం పెరిగినదని కూడా జ్ఞాపకం ఉంచుకొనవలెను. కంటికి కనబడని తరంగం మీద మనం పెట్టిన దృష్టిలో సగం, కంటికి కనబడే బ్యాటరీ మీద పెట్టి ఉంటే మేలు జరిగేది.

ఆ బ్యాటరీలలో సీసం, గంధకామ్లం ఉన్నవి. పసుపు పొడిలో సీసపు రంగు కలిసినదని తెలిస్తే బస్తాలకు బస్తాలు వెనక్కు వస్తాయి, మన ప్రాంతం పరువు పోతుంది. అదే సీసం, పాతబడిన బ్యాటరీని పగులగొట్టి పొయ్యి మీద కరిగించే చిన్న కొట్టు వెనుక మట్టిలో కలిస్తే అడిగేవాడు లేడు. బ్యాటరీల నియమాలు 2001లోనే వచ్చినవి, 2022లో కొత్తవి వచ్చినవి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు 2011 నుండి పలుమార్లు మారినవి. చట్టం కాగితం మీద కొరత లేదు.

దానధర్మాల మాట ఎత్తకుంటే అన్యాయమవుతుంది. 2000లో ఏర్పడిన భారతీ ఫౌండేషను 2006 నుండి పల్లె బిడ్డలకు ఉచిత పాఠశాలలు నడుపుచున్నది. 2024లో ఇంజనీరింగు విద్యార్థులకు పూర్తి రుసుము భరించే విద్యార్థివేతనాలు ప్రకటించినది. అవి దేశంలోని మొదటి యాభై ఇంజనీరింగు కళాశాలల వారికి. మన కళాశాలలో బి.ఏ., బి.కాం. చదివే బీడీ కార్మికురాలి కుమార్తెకు అందులో చోటు లేదు. దానం చేసేవాడు తనకు నచ్చినవానికి చేసుకొనవచ్చును. కాని 31 లక్షల గ్యాసు ఖాతాల పద్దును ఈ పద్దుతో చెల్లువేయడానికి నేను ఒప్పుకొనలేను. అవి రెండు వేరు పుస్తకాలు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఎత్తయిన భవనం ఉన్న విద్యాసంస్థల వద్దకు ఏదో ఒక కంపెనీ మేడ మీద టవరుకు అద్దె ఇస్తామని రావడం సర్వసాధారణం. మన వంటి అల్పసంఖ్యాక కళాశాలకు ఆ అద్దె ఒక అధ్యాపకుని జీతానికి సరిపోవచ్చును గనుక వెంటనే కాదనమని నేను అనను. అద్దె ఎంత అని అడిగే ముందు మరికొన్ని అడగండి. జనరేటరు పెడతారా, పెడితే పరీక్షల వేళ దాని రొద ఏ గది మీద పడుతుంది? సౌరఫలకాలు వేస్తారా? తరంగాల కొలతను ఏటా ఎవరు తీస్తారు, ఆ కాగితం నకలు మనకు ఇస్తారా? పాత బ్యాటరీలను ఎవరికి అప్పగిస్తారు? వీటిని నోటిమాటగా వదలక ఒప్పందంలో తెలుగులో, ఉర్దూలో వ్రాయించి, బ్యాటరీలు బయటకు పోయిన ప్రతిసారి గుర్తింపు పొందిన కర్మాగారం ఇచ్చిన రశీదును కార్యాలయంలో, ఏ విద్యార్థి అడిగినా చూపగల చోట ఉంచవలెను.