టర్బైను రెక్కలు – మరమ్మతు ధర్మము

క్రొత్త విద్యుత్కేంద్రమునకు ప్రారంభోత్సవము జరిగిననాడు పూలదండలకును ఉపన్యాసములకును కొదువ యుండదు. ఆ కేంద్రమందలి యంత్రమును కొన్నియేండ్ల పిమ్మట విప్పి, శోధించి, బాగుచేసి మరల నిలిపిన పనివాని పేరు మాత్ర మెవ్వరికిని తెలియదు. ఆ పని చక్కగా జరిగినదా యని అడుగువాడును లేడు. ఈ ఉదాసీనత దేశమునకు క్షేమకరము గాదని మా దృఢాభిప్రాయము.

విషయము సాంకేతికమని పాఠకులు వెనుదీయవలదు. పెద్ద విద్యుత్కేంద్రములలోని ఆవిరి టర్బైను ఇరుసు సాధారణముగా నిమిషమునకు 3,000 మారులు తిరుగును. ఆ వేగమున, ఇరుసు నడిమినుండి ఒక మీటరు దూరమున ఒక ప్రక్క ఒక్క గ్రాము బరువు హెచ్చినచో, అది సుమారు పది కిలోల బరువుతో సమానమైన బలముతో ఇరుసును వెలుపలికి లాగును. కనుకనే రెక్కలను మార్చునపుడు ఒక్కొక్కదానిని తూచి, సమమైనవానిని ఎదురెదురుగా అమర్చి, పిమ్మట చక్రమునంతటిని త్రిప్పి సమతౌల్యమును పరీక్షింతురు.

అంతియే గాదు. గంటకు తన నాదమున్నట్లు ప్రతి రెక్కకును సహజ పౌనఃపున్యము గలదు. పగులును వెల్డింగుతో పూడ్చినను, అరిగిన అంచును రాచి పలుచన చేసినను అది మారవచ్చును. మారినది ఇరుసు వేగపు గుణిజములలో నొకదానితో కలిసెనా, రెక్క ఊగులాట మితిమీరి, లోహము అలసి, తుదకు విరుగును. వెల్డింగు వేడిమి లోహమున మిగిల్చిన బిగువును తగిన రీతిని తొలగింపకున్నను పగులు మరల పుట్టగలదు. మరమ్మతు కంపమును తగ్గింపవచ్చును, పెంపనువచ్చును. చేసిన విధమునుబట్టియే ఫలము.

ఇందుకు రెండు నిదర్శనములు చూపుదుము. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశమున గంగాతీరమందలి నరోరా అణువిద్యుత్కేంద్రమున, మొదటి యంత్రపు టర్బైను చివరి వరుసలోని రెండు రెక్కలు లోహపుటలసటచే విరిగిపోయెను. సమతౌల్యము తప్పిన ఇరుసు తీవ్రముగా కంపింపగా, జెనరేటరులోని హైడ్రోజను వెలికివచ్చి నిప్పంటుకొనెను. మంటలు కేబుళ్లకు ప్రాకి, కేంద్రము సుమారు 17 గంటలు విద్యుచ్ఛక్తి లేకుండెను. సిబ్బంది చేతిదీపములతో పైకెక్కి బోరాను ద్రావకపు కవాటములను తమ చేతులతో త్రిప్పి విడిచిరి. రేడియోధార్మికత వెలువడకపోవుట మన భాగ్యము. ఒక రెక్క అలసట ఎంత దూరము పోగలదో ఇందువలన తేటపడుచున్నది.

రెండవది రష్యాలో యెనిసెయ్ నదిపై నున్న సయానో–షుషెన్‌స్కయా జలవిద్యుత్కేంద్రపు వృత్తాంతము. 2009 జనవరి, మార్చి నెలల మధ్య రెండవ టర్బైను మరమ్మతు పొందినది. నీటిబుడగల తాకిడికి రెక్కలపై పడిన గుంటలును పగుళ్లును వెల్డింగుతో పూడ్చిరి. పిమ్మట చక్రపు సమతౌల్యమును సరిగా చూడలేదు. జూలై నాటికి కంపము అనుమతింపబడిన హద్దును దాటెను. అయినను యంత్రమును నడపుచునే యుండిరి. ఆగస్టు 17 ఉదయమున, అప్పటికే అలసియున్న బోల్టులు తెగి టర్బైను కప్పు లేచిపోగా, నీరు యంత్రశాలను ముంచెత్తెను. 75 మంది ప్రాణములు గోల్పోయిరి. మరమ్మతు లోపమొక్కటియే కారణమని మేమనము. భారమును పలుమారులు పెంచి తగ్గించుటయు, బోల్టులను పరీక్షింపకుండుటయు దానికి తోడయినవి. కాని మరమ్మతు తరువాత కంపము పెరుగుచుండగా యంత్రము నాపకుండుట క్షమింపరాని దోషము.

యంత్రము నాపిన దినమెల్ల నష్టమేయని లెక్కలు చూపువారు గలరు. విద్యుత్తు కొరతవేళ ఆ వాదమునకు బలమున్నదనుట సత్యమే. అయితే వారముదినముల ఆదాయమును ఒక త్రాసుతట్టలో నుంచువారు, ఏండ్లతరబడి మూతపడు కేంద్రమును, అనాథలగు కుటుంబములను రెండవ తట్టలో నుంచి చూడవలదా? సయానో కేంద్రపు పునర్నిర్మాణము ముగియుటకు 2014 వరకు పట్టినది. మాపకమే తప్పు చూపుచుండవచ్చు ననువారును గలరు. అట్లయిన తక్షణము దానిని పరీక్షించుట కర్తవ్యము గాని, దానిని నమ్మక యంత్రమును నడపుట న్యాయము గాదు. న్యాయస్థానమున సాక్షిని శంకించు పక్షము ప్రశ్నించి సత్యమును రాబట్టును. సాక్షిని బయటికి గెంటదు.

హైదరాబాదు చెంత రామచంద్రపురమున మన భెల్ కర్మాగారము ఆవిరి టర్బైనులను నిర్మించుచున్నది. శ్రీశైలమున, నాగార్జునసాగరమున కృష్ణవేణి మన యంత్రములను త్రిప్పుచున్నది. యంత్రమును నిర్మింప నేర్చిన జాతి దానిని కాపాడుకొనుట నేర్వకున్నచో స్వావలంబనము సగము మాత్రమే సిద్ధించినట్లు. కావున మేము కోరునవి మూడు. మరమ్మతునకు ముందును పిదపను కంపమును కొలిచి, ఆ లెక్కలు సరిపోలినగాని పని ముగిసినట్లు ఒప్పుకొనరాదు. హద్దు దాటినపుడు యంత్రము నాపు అధికారము, పైవారి యాజ్ఞకై వేచియుండ నక్కరలేకుండ, అచట నిలిచిన ఇంజనీరునకు ఉండవలయును. ప్రజాధనముతో నడచు కేంద్రముల మరమ్మతు నివేదికలు శాసనసభల ముందుంచబడవలయును.

వీనికై కోట్లు వెచ్చింప నవసరములేదు. శ్రద్ధయు, జవాబుదారీతనమును చాలును. అవి అడుగుట ప్రజల హక్కు. అడిగించుట శాసనసభ్యుల విధి.