కంపించు గొట్టముతో డీజిలు లెక్క

ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణములో డీజిలు లెక్క అనగానే స్టోర్సు విభాగములోని వారికి ముందుగా తట్టునది తరుగు. మిట్టమధ్యాహ్నము 35 డిగ్రీల వద్ద 12,000 లీటర్లు ట్యాంకరుకు ఎక్కించి, మరునాటి వేకువన 25 డిగ్రీల వద్ద డిప్ రాడ్డు దించి చూచినచో సుమారు 100 లీటర్లు తక్కువ కనబడును. ఒక్క చుక్కయు కారలేదు, ఎవ్వరును దొంగిలింపలేదు. డీజిలు చల్లబడి కుంచించుకొనినది, అంతే! 15 డిగ్రీల లెక్కకు మార్చు పట్టికలు లేకపోలేదు. కాని ఉష్ణోగ్రతను హడావిడిగా చదివిన చోట సంజాయిషీ కోరుచు వచ్చు మెమో మాత్రము గుమాస్తా పేరిటనే వచ్చును. విద్యుత్ ఇంజనులు వచ్చి డీజిలు వాడకము తగ్గినను, ఈ చిక్కు చమురు నిలువయుండు ప్రతి చోటను ఉన్నదే.

లీటరు మారును, కిలో మారదు. కావున బరువునే నేరుగా కొలుచు మీటరు మేలని మా అభిప్రాయము. అట్టిదే కోరియాలిస్ మీటరు. తిరుగుచున్న రంగులరాట్నపు బల్లపై నడిమి నుండి అంచునకు నడచువాడు ప్రక్కకు తూలును గదా! ఆ బలమును 1835లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కోరియాలిస్ గణితముతో వివరించెను. దానిని మీటరుగా మలచి విపణికి తెచ్చిన ఘనత 1977లో అమెరికాలో వెలసిన మైక్రో మోషన్ సంస్థకు చెందును.

ఇందులో రంగులరాట్నమునకు బదులు గొట్టమే ఊగును. యు ఆకారపు రెండు గొట్టములను ఒక విద్యుదయస్కాంతము ఎదురెదురుగా కంపింపజేయును. ద్రవము కదలనపుడు రెండు కాళ్లును ఒకేసారి ఊగును. ప్రవాహము మొదలైనంతనే లోనికి వచ్చు కాలు వెనుకబడును, బయటకు పోవు కాలు ముందుకు సాగును. ఈ వ్యత్యాసము కంటికి కనబడదు. సెకనులో లక్షవ వంతులలో ఉండును. అది ద్రవ్యరాశి ప్రవాహమునకు అనుపాతముగా పెరుగును.

మరియొక లాభము కలదు. మన రైలు పరీక్షకులు చక్రమును సుత్తితో తట్టి, మ్రోతను బట్టి పగులు పసిగట్టెడివారు. అట్లే గొట్టము ఊగు వేగమును బట్టి లోని ద్రవపు సాంద్రత తెలియును. బరువైన ద్రవమైన నెమ్మదిగా ఊగును. కిరోసిను కలిసిన డీజిలు తేలికగును గనుక, అనుమానమునకు తావు అక్కడనే దొరకును.

ధర ఎక్కువే. గాలి బుడగలు చేరినచో లెక్క తప్పును. పైపులను బలవంతముగా లాగి బిగించినను అంతే. అన్నిటికంటె ముఖ్యము సున్న సవరణ: గొట్టము నిండుగా నుండగా ఇరువైపుల వాల్వులు మూసి చేయవలెను. ఆ వేళ ఒక వాల్వు సన్నగా కారుచున్నచో, ఆ కారుడే సున్నగా నమోదగును. పిదప ప్రతి ట్యాంకరు లెక్కలోను అది వెంటాడును.