మోటుదనముపై మోజు

మన విద్యార్థులు నేడు చదువుకొనుచు ఒక విచిత్రమైన సంగీతము వినుచున్నారు. పాత సినిమా పాటనే మందగింపజేసి, గాత్రమును కొంత మసకబరచి, దానిపై అరిగిన గ్రామఫోను రికార్డు చిటపటలను, వానచప్పుడును చేర్చుదురు. దీని పేరు 'లోఫై'. ధ్వనిని నిర్దోషముగా పట్టగల యంత్రము ప్రతివాని జేబులో నుండగా, పోయిన దోషములను పనిగట్టుకొని తెచ్చి అతికించుట యెందుకు? ఉపాధ్యాయులు దీనిని వట్టి వెఱ్ఱి యని త్రోసివేయరాదు. లోపమే లేని వస్తువులో మనుష్యుని చేయి కానరాదు. ఆ చేతికై మనస్సు వెదకుకొనును.

ఐతే మోటుదనమునకు వేరొక అర్థము కలదు. దానికై సిద్దిపేటవారు దూరము పోనక్కరలేదు. 2016 నుండి ఈ జిల్లాలో చేరియున్న చేర్యాలలో నకాషీలు వ్రాయు పటములను చూచిన చాలును. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి కలిపి పూతలు పూసి, ఆరిన పిమ్మట బొమ్మలు తీయుదురు. వెనుక నంతయు ఎఱుపు. వెలుగునీడలు లేవు, దూరపువాడు చిన్నగా, దగ్గరివాడు పెద్దగా నుండవలెనను నియమమును లేదు. ఇది చేతగానితనము కాదు. ఆ పటము గోడకొఱకు పుట్టలేదు. గజములకొలది పొడవైన దానిని విప్పుచు పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును వినిపింతురు. వెనుక వరుసలో కూర్చున్న ముసలివానికి కూడ వచ్చినది దేవుడో, రాజో తెలిసిన చాలును. కోపమును, కన్నీటిని కథకుని గొంతు చూచుకొనును. బొమ్మయే సమస్తము చెప్పివేసినచో పాటకు చోటెక్కడ?

సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925-2012) ఈ కీలకము నెఱిగినవాడు. నకాషీల గీతనుండి, రంగులనుండి నేర్చుకొని బోనములను, బతుకమ్మను చిత్రించెను గాని పటమునకు నకలు తీయలేదు.

నేడు చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు కలదు, కొనువారును కలరు. కాని వారడుగునది చట్రములో నిముడు చిన్న బొమ్మను, గోడకు తగిలించు మొగమును. "ఎంత అమాయకముగా నున్నది!" అని మెచ్చుకొందురు. అంత లెక్కగా తీసిన గీతలో అమాయకత్వ మెక్కడిదో! కథకులు తరిగిపోవుచున్నారు. గొంతు కొఱకు విడిచిన ఖాళీ, గొంతు లేకయే అలంకారముగా అమ్ముడుపోవుచున్నది. పాటకు పూసిన చిటపటల గతియు నించుమించు ఇదియే.

చిత్రలేఖనపు గంటలో పిల్లలచేత ఈ బొమ్మలకు నకలు తీయించినచో ఎఱుపు రంగు మాత్రము అబ్బును. ఒకడు పటము విప్పుచుండగా వేఱొకడు తన యూరి కథ చెప్పవలెను. అప్పుడు ఏ గీత అక్కరలేదో వారికే తెలియును.