పొట్టులోని యిచ్చిపుచ్చుకోలు

మృత్తిక సహనశీల. ఒకనాడు నీరెక్కువైనను, మఱియొకనాడు ఎరువు తక్కువైనను, పోసిన నీటిలో సున్నము కొంత హెచ్చైనను, ఆ పొరపాటునంతయు తనలో నిముడ్చుకొని మొక్కకు దెలియనీయక సర్దుకొనిపోవుట రేగడినేలకును గరపనేలకును సహజమగుటచేతనే, మన పెద్దలు ఆమ్లక్షారముల కొలతలను గూర్చి వినకయే తరతరములుగ పంటలు పండించుకొనగలిగిరి. ఇప్పుడు హైదరాబాదు, బెజవాడ, విశాఖపట్టణములలో మిద్దెలపై తోటలు వేయువారనేకులు ఆ మట్టిని విడిచి, బరువు తక్కువయనియు తడి చిరకాలము నిలుచుననియు కొబ్బరి పొట్టును, అనగా అంగళ్లవారు కోకోపీట్ అని యమ్ముచున్న దానిని, కుండీలలో నింపుకొనుచున్నారు. నింపుకొనుట తప్పు గాదు. మట్టిని పోషించిన పద్ధతిననే పొట్టును గూడ పోషింపబూనుట తప్పు.

ఈ పొట్టు మనకు కొత్తగ వచ్చినది కాదు. కోనసీమలో కొబ్బరి డొక్కలనుండి పీచు తీయు కర్మాగారముల ముంగిట రాలిన పొట్టు చాలకాలము వ్యర్థపదార్థముగనే యెంచబడి, బాటల ప్రక్కలను కాలువగట్లపైనను కుప్పలుగ బడియుండి, వానలకు నాని, అందలి కషాయద్రవ్యములు ముదురు రంగు నీరై పారుచుండెడివి. 1953వ సంవత్సరపు చట్టము ననుసరించి యేర్పడిన కాయిర్ బోర్డు, కేరళమున ఆలప్పుళకు సమీపమునగల కలవూరులోని తన పరిశోధనాలయము మూలమున, పుట్టగొడుగు జాతి శిలీంధ్రముతో ఈ పొట్టును కుళ్లబెట్టి యెరువుగ మార్చు విధానమును వ్యాప్తిలోనికి దెచ్చినది. తరువాత తమిళనాట పొళ్లాచ్చినుండియు సింహళమునుండియు అదే పొట్టు దిమ్మెలై ఓడలెక్కి ఐరోపా హరితగృహములు జేరినది. మన యింట బారవేసినదానిని పరదేశీయులు కొనుక్కొనిరన్న వార్త చెవిబడిన పిమ్మటనే మనకును దానియందు గౌరవము గలిగినదని చెప్పుటకు కొంచెము సిగ్గుగనే యున్నది.

పొట్టును మొట్టమొదట పట్టి పీడించునది ఉప్పు. కేరళపు ఉప్పుటేళ్లలో డొక్కలను నానవేయుటవలన ఉప్పు పట్టునన్న మాట నిజమే గాని, మంచినీటిలో దడిపి యంత్రముతో పీచు తీసినంతమాత్రమున ఆ దోషము తొలగిపోయినదని తలపరాదు. కొబ్బరిచెట్టు స్వభావముచేతనే పొటాషును క్లోరైడును ఆశించునట్టిది. చెట్టు మొదట ఉప్పు వేయు నాచారము మన తీరప్రాంతపు రైతులకు సుపరిచితమే. అట్లు గ్రహించిన లవణములలో గొప్ప భాగము డొక్కలోనే నిలుచును. అందుచే కడుగని పొట్టులో విత్తిన విత్తనము సరిగ మొలవకపోయినను, మొలిచిన నారు ఆకుల కొనలు మాడి గిడసబారినను వింత లేదు. లవణసాంద్రతను దెలుపు కొలతను మన ఉద్యానశాఖవారు ఈసీ యందురు. దిమ్మెను నానబెట్టి పిండిన నీటిలో ఈసీ 0.5కు లోబడియున్నచో ఆ పొట్టు నారునకు యోగ్యమని సామాన్యముగ నెంచవచ్చును. 2 దాటినచో అది యింకను కడుగవలసిన సరకు.

కడుగుటతో కథ ముగిసినదా యన్నచో, లేదు. నీటిలో స్వేచ్ఛగ గలిసియున్న ఉప్పు కడిగిన బోవును గాని, పొట్టు రేణువుల నంటిపెట్టుకొనియున్న పొటాషియము, సోడియము వట్టినీటికి లొంగవు. పొట్టు రేణువులపై ఋణవిద్యుత్తుగల స్థానము లసంఖ్యాకముగ గలవు. అవి ధనవిద్యుత్తుగల మూలకములకు సత్రములోని గదులవంటివి. గదులన్నిటిని పొటాషియము సోడియములు ముందుగనే యాక్రమించి కూర్చుండగా, మనము పోసిన ఎరువులోని కాల్షియము, మెగ్నీషియము వచ్చి, తమకున్న రెట్టింపు విద్యుద్బలముచే వానిని వెడలగొట్టి తామందు ప్రవేశించును. ఫలితమేమనగా, మొక్కకై పోసిన కాల్షియమును పొట్టు పుచ్చుకొనును; మొక్క యడుగని పొటాషును, అక్కఱకు మించిన సోడియమును వేళ్లకు ఇచ్చును. ఇట్లు వెలువడిన పొటాషు మిగిలిన కాల్షియమును సైతము వేళ్లు గ్రహింపనీయక పోటీపడును. మొక్కకు ఎరువు వేయుచునే యుందుము. మొక్క ఆకలితోనే యుండును.

టొమాటో వేసినవారికి ఈ యిచ్చిపుచ్చుకోలు స్పష్టముగ గనబడును. చెట్టు ఏపుగ బెరిగి, పూచి, కాయ నిమ్మపండంత యగుసరికి దాని యడుగుభాగము నల్లబడి లోనికి గ్రుంగును. తెగులని భ్రమించి మందు గొట్టువారే యెక్కువ గాని, అది తెగులు గాదు, ఎదుగు కాయకు కాల్షియము అందకపోవుట; తడి ఒకనాడు హెచ్చు, ఒకనాడు తక్కువ యగుటయు దానికి దోడగును. దీనికి నివారణ నాటుటకు ముందే జరుగవలెను. ఐదు కిలోల దిమ్మెకు సుమారు 100 గ్రాముల కాల్షియం నైట్రేటును నీటిలో గరగించి, ఆ నీటిలోనే దిమ్మెను విప్పి, ఒక పగలు ఒక రాత్రి నాననిచ్చి, నీటిని వార్చి, మరల మంచినీటితో కడిగినచో, గదులు ఖాళీయై కాల్షియముతో నిండును. వెడలిన పొటాషు సోడియములు వార్చిన నీటితో బోవును. ఐరోపాకు బోవు సరకునకు ఈ సంస్కారమును చేసియే పంపువారు గలరు. మన వీధి చివర నర్సరీలో దొరకు దిమ్మెకు అది జరిగినదని నమ్ముటకు ఆధారమేదియు దానికి చుట్టిన కాగితముపై నుండదు.

ఇక ఆమ్లక్షారముల మాట. 1909లో కోపెన్‌హేగెన్ నగరమున కార్ల్స్‌బర్గ్ అను బీరు సంస్థవారి ప్రయోగశాలలో సోరెన్సన్ అను రసాయనశాస్త్రవేత్త ప్రతిపాదించిన పీహెచ్ కొలమానమునే నేటికిని మిద్దెతోటలవారు చేతబట్టుకొని తిరుగుచున్నారు. ఇందొక్కటి మఱువరాదు: 6 నుండి 7కు జరుగుట ఒక మెట్టెక్కుట గాదు, ఆమ్లత పదవవంతునకు దిగిపోవుట; 8కి జేరినచో నూఱవవంతునకు. పొట్టులోని మొక్కకు బోయు ఎరువునీరు 5.8, 6.2 నడుమ నుండుట మేలు. 6.5 దాటినకొలది ఇనుము, మాంగనీసు, జింకు మొదలగు సూక్ష్మపోషకములు వేళ్లకు జిక్కవు. లేత యాకు పసుపుబారును, ఈనెలు మాత్రము పచ్చగ నిలుచును. 5.5కు మిక్కిలి దిగువకు బోయినచో కాల్షియము, మెగ్నీషియముల గ్రహణము కుంటుపడును.

తెలంగాణపు బోరునీటితో చిక్కిచ్చటనే మొదలగును. కాచిన గిన్నె యడుగున తెల్లని పెచ్చు గట్టు ఆ నీటిలో బైకార్బనేటులు సమృద్ధిగ నుండుటచేత, ప్రతి తడికిని పొట్టు కొంచెము కొంచెముగ క్షారమువైపు మొగ్గును. పీహెచ్ మాత్రము చూచి నీటిని దీర్పరాదు. రెండు నీళ్లును 7.5 చూపినను, బైకార్బనేటులు తక్కువైన కాలువనీటికి రెండు చుక్కల యామ్లము చాలును. బోరునీటికి దానికెన్నియో రెట్లు కావలసివచ్చును. వినిగర్ అనియు నిమ్మరసమనియు పుల్లమజ్జిగయనియు చెప్పు చిట్కాల సంగతి యిదే: సేంద్రియామ్లము పోసిననాడు సూచిక దిగును, సూక్ష్మజీవు లాయామ్లమును భక్షించిన తోడనే మరల నెక్కును. ఫాస్ఫారిక్ ఆమ్లము అంత త్వరగ చలింపదు, పైగా భాస్వరమును గూడ నిచ్చును. అయితే ఎప్పుడును ఆమ్లమునే నీటిలో బోయవలెను గాని ఆమ్లములో నీరు పోయరాదు. ఎరువులు కలిపిన పిమ్మటనే సూచిక జూచి సవరింపవలెను, ముందుగాదు. వానకాలమున మిద్దెపై బడిన నీటిని పట్టి బోరునీటిలో సగపాలు గలుపుకొనగలిగినవారికి ఈ తంటా సగము తగ్గును.

మట్టికిని పొట్టుకును గల భేదమునకు మూలకారణము బరువు. నూఱు గ్రాములకు నూఱు గ్రాములుగ దూచినచో పోషకములను పట్టి నిలుపుటలో పొట్టు నల్లరేగడికి తీసిపోదని పుస్తకములు చెప్పును. నిజమే. కాని కుండీని తూకముతో నింపము, పరిమాణముతో నింపుదుము. ఒక కుండీ రేగడి బరువులో అదే కుండీడు పొడి పొట్టు చిన్న పాలు మాత్రమే. కావున ఆ కుండీలో దాగియుండు నిలువయు అంతే స్వల్పము, తప్పును భరించు శక్తియు అంతే స్వల్పము. వారమున కొకతూరి గుప్పెడు ఎరువు వేయుట మట్టికి జెల్లును. పొట్టుకు ప్రతి తడిలోను కొంచెము కొంచెముగ నందీయవలెను.

అందీయుటకు మనవారు వాడునది 19:19:19. దానిపై మన మిద్దెతోటలవారికి గల భక్తి అపారము. అందులో నత్రజని, భాస్వరము, పొటాషు సమానముగ నున్నవి, సత్యమే. కాని పొట్టు ముందుగ నడుగు కాల్షియము లేదు, మెగ్నీషియము లేదు, నత్రజనిలో సగమునకు మించి యూరియా రూపమున నున్నది. పొట్టులో పొటాషు మొదటనే మిగులుగనుండగా మరల పొటాషునే పోసి కాల్షియమును విడుచుట ఏమి పోషణ? కాల్షియం నైట్రేటును, ఎప్సం సాల్టును తోడు చేర్చుకొనవలెను. అయితే కాల్షియం నైట్రేటును తక్కినవానితో చిక్కని ద్రావణముగ నొక్కసీసాలో గలుపరాదు, కలిపినచో సల్ఫేటుతో జిప్సమై, భాస్వరముతో సున్నపు ఫాస్ఫేటై అడుగున బడును. నారుమొక్కలకు ఈసీ 1 చుట్టుపట్ల, కాయు టొమాటోకు 2 చుట్టుపట్ల నుంచినచో చాలును. ఎండలు మండు వైశాఖ జ్యేష్ఠములలో మొక్క నీటినే యెక్కువ త్రాగును గనుక ఎరువునీటిని పలుచన చేసి తఱచుగ బోయవలెను.

పోసినది సరియా కాదా యని చెప్పగలిగినది కుండీ క్రింద గారు నీరొక్కటే. పోసినదానిలో పదింట ఒకటి రెండు పాళ్లు క్రిందికి గారనిచ్చి, దాని ఈసీని, పీహెచ్‌ను పోసిన నీటితో పోల్చి చూడవలెను: గారిన నీటి ఈసీ చాల హెచ్చినచో ఉప్పు పేరుకొనుచున్నది, పలుచని ఎరువునీటితో బాగుగ కడుగవలెను, తగ్గినచో మొక్క ఆకలిగొన్నది. నీటిలో గరగిన లవణములను లెక్కగట్టి చూపుటకై అంగడిలో చవుకగ దొరకు టీడీఎస్ మీటరు ఒకే నీటికి ఒక తయారీదారు లెక్కన 500 అనియు మఱియొకరి లెక్కన 700 అనియు చూపగలదు, అందుచే ఈసీనే నమ్ముకొనుట క్షేమము.

ఇన్ని కొలతలు నాకేల యనువారికి నేను జెప్పునది ఒక్కటే: పొట్టును ఒంటరిగ వాడకుడు. మూడవవంతు పొట్టు, తక్కినది ఎఱ్ఱమట్టి, మాగిన పశువులయెరువు కలిపి నింపుకొన్నచో మీకు మీటరు అక్కఱలేదు. మిద్దె బరువు మాత్రము చూచుకొనుడు. కొలుచువారికి మాత్రము వట్టి పొట్టు అపూర్వమైన సాధనమే, సందేహము లేదు.

అమ్మువారితో గూడ ఒక మాట. నేను జూచిన దిమ్మెలపై బరువు, ధర, పచ్చని యాకుల బొమ్మ, 'సేంద్రియ' మను ముద్ర తప్ప వేఱేమియు లేవు. ఈసీ ఎంత, పీహెచ్ ఎంత, కాల్షియముతో శుద్ధి చేసినదా లేదా అను మూడు సంగతులను అచ్చు వేయుటకు గావలసినది రెండు పంక్తుల స్థలము. ఉద్యానశాఖవారు దానిని తప్పనిసరి చేయవలెను. అంతవరకు, పాఠకులారా, ఆ మూడు ప్రశ్నలు అడుగకుండ దిమ్మె కొనకుడు.

— ఉద్యానవాసి